పెట్టె చెక్కల మీద కొండలు

కిందటి వారం ఐజిరెక్‌ను మ్యూజియం మెట్ల మీద, శాలువాలో చుట్టిన చెక్క పలకతో, ఒళ్ళంతా కోపంతో వదిలిపెట్టాం. కోపానికి కారణం మరిచిపోయినవాళ్ళ కోసం రెండు మాటలు. ఆమె పనిచేసే ఆ చిన్న మ్యూజియంలో పంతొమ్మిది కొండల బొమ్మలున్నాయి. టీపొడి పెట్టెల చెక్కల మీద, గొర్రెల వీపున గుర్తులు వేసే రంగులతో ఎవరో గీసినవి. అన్నీ కర్‌బులాక్ వేసవి మేత కొండలే. సంతకం మాత్రం ఒక్కదాని మీదా లేదు. ఒకప్పుడు సమష్టి క్షేత్రంలో మందల మీద పెత్తనం చేసిన ఒస్మొనాలీ వాటిని గీశాడని ముప్ఫై ఏళ్ళుగా అందరూ అనుకుంటున్నారు. పిండిమిల్లు, బస్సులు ఉన్న అతని మనవడు రిస్బెక్, తాతగారి పేరుతో ఇత్తడి పలక కూడా చేయించేశాడు. శనివారం ప్రదర్శన మొదలవుతుంది. ఆ తర్వాత బొమ్మలు ఆ పేరుతోనే రాజధానికి వెళ్ళిపోతాయి.

ఐజిరెక్ ఒక్కతే నమ్మలేదు. ఒస్మొనాలీ ఊళ్ళో తను వేయించిన ప్రతి గేటు మీదా, ప్రతి బల్ల మీదా, చివరికి చేతిపంపు మీద కూడా పేరు రాయించుకున్న మనిషి. అలాంటివాడు పంతొమ్మిది బొమ్మలు గీసి ఊరుకుంటాడా? ఈ మాటే అంటే రిస్బెక్ నవ్వేశాడు. "బొమ్మలు ఎవరివని రాజధాని నుంచి వచ్చిన పెద్దమనిషి అడిగినప్పుడు మా తాతయ్యను చూపించింది ఎవరనుకున్నావ్? మీ నాయనమ్మే!" అన్నాడు. ఆ మాట నిజమే. మ్యూజియం అధికారిణి జరీపా చివరికి ఒక గడువు పెట్టింది. "శుక్రవారం సాయంత్రంలోగా ఇంకో పేరు, దానికో సాక్షి తీసుకురా. తేలేకపోతే ఆ ఇత్తడి పలక బిగించేస్తాను, నన్ననుకోకు."

ఆ వేసవుల్లో కర్‌బులాక్ మీద ఉండి ఈనాటికీ బతికున్న మనిషి ఒక్కరే. అదే నాయనమ్మ, బత్మా. ఆవిడేమో నెల రోజులుగా ఈ మాట ఎత్తగానే పని కల్పించుకొని లేచిపోతోంది.

గురువారం మధ్యాహ్నం ఐజిరెక్ ఇంటికి వచ్చేసరికి బత్మా పెరట్లో చాప పరిచి, ఉప్పు కలిపి వడగట్టిన గట్టి పెరుగు బేసిన్ ముందు పెట్టుకొని కురుత్ ఉండలు చుడుతోంది. పొద్దున్నే తండ్రి నుర్దిన్, "ముసలామెను వదిలెయ్యవే, ఎవరు గీస్తే ఏం?" అని కసిరి, లారీ వేసుకొని బొగ్గు కోసం వెళ్ళాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇంతకన్నా మంచి సమయం దొరకదని ఐజిరెక్‌కు తెలుసు. చేతులు కడుక్కొని నాయనమ్మకు ఎదురుగా చతికిలబడి, తనూ ఉండలు చుట్టడం మొదలుపెట్టింది.

"ఏమే, ఇవాళ ఉద్యోగం లేదా?"

"ఇదే ఉద్యోగం."

"కురుత్ చుట్టినందుకు గవర్నమెంటు జీతమిస్తోందా? మంచి గవర్నమెంటే! ఆ ఉండ చూడు, కోడిగుడ్డంత ఉంది. అది ఎండేసరికి నీకు మనవలు పుడతారు."

"పుట్టనీ. పెళ్ళి లేకుండా మనవలు పుడితే నీకే పేరొస్తుంది."

బత్మా ఫక్కున నవ్వింది. ఆ నవ్వు అయిపోకుండానే ఐజిరెక్ శాలువా విప్పి బొమ్మను చాప మీద పెట్టింది. సాయంత్రపు కొండ. గొర్రెల రంగులోని ఎరుపంతా శిఖరానికి పూసేశాడు, గీసినవాడెవరో. కింద వాగు, వాగు పక్కన మేస్తున్న గుర్రాలు. బత్మా నవ్వు ఆగిపోయింది. ఆవిడ తొందరపడలేదు. కొంగుతో ఒక్కో వేలూ తుడుచుకొని, పెరుగు అంటలేదని చూసుకొని, అప్పుడు పలకను ఒళ్ళోకి తీసుకుంది.

"మ్యూజియం సొమ్ము ఇంటికి మోసుకొచ్చావా? దొంగతనం కూడా నేర్చావన్నమాట."

"సాయంత్రం పెట్టేస్తాను. ఎవరు గీశారో చెప్పు."

"నాకు కళ్ళు ఆనవే."

"నిన్న వీధి చివర మన గడ్డి మేస్తున్నది పక్కింటివాళ్ళ గొర్రె అని ఇక్కణ్ణుంచే కనిపెట్టావు కదా."

"అది గొర్రె. ఇది బొమ్మ."

"నాయనమ్మా, ఇవాళ నువ్వు చెప్పేదాకా నేనిక్కణ్ణుంచి లేవను. నీ బేసిన్ అయిపోతే ఇంకో బేసిన్ కలుపుతాను. ఒస్మొనాలీయేనా గీసింది?"

బత్మాకు ఎక్కడ లేని రోషం వచ్చింది.

"ఒస్మొనాలీయా! ఒస్మొనాలీకి బొమ్మలు వస్తే నాకు విమానం నడపడం వచ్చు. గొర్రెల రంగు ఎవడో తరిగేస్తున్నాడని డేరా డేరాకీ తిరిగి గొంతు చించుకున్నది వాడే కదా! మా డేరాలో నా పెట్టె కూడా తెరిపించి చూశాడు, సచ్చినోడు."

"మరి ఆ రోజు ఆయన్నెందుకు చూపించావ్?"

బత్మా పలకను పక్కన పెట్టి మళ్ళీ ఉండలు చుట్టడంలో పడింది. ఐజిరెక్ పట్టు వదిలే రకం కాదు. ఆ పట్టుదల ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఆ పెరట్లో ఇద్దరికీ తెలుసు. ఆ వేసవుల్లో కొండ మీద ఉన్న మగవాళ్ళ పేర్లన్నీ ఊళ్ళో వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఆమె ఎప్పుడో కూడగట్టుకుంది. ఒక్కొక్కటే వదలడం మొదలుపెట్టింది.

"జుమాదిల్?"

"జుమాదిలా? వాడికి కుడిచేతి వేళ్ళు పిండిమరలో పోయాయి. రొట్టె తుంచుకోవడానికే తంటాలు పడేవాడు."

"బెక్‌తెమిర్?"

"బెక్‌తెమిర్‌కు కళ్ళు మూస్తే నిద్ర, తెరిస్తే తిండి. కొండ ఎటుందో కూడా చూసుండడు."

"పశువుల డాక్టర్ కరీమ్?"

"కరీమ్ మంచివాడే పాపం. వాడు రాసిన మందు చీటీ వాడికే అర్థమయ్యేది కాదు."

"గుర్రాలు కాసిన సాతార్?"

బత్మా చేతిలో ఉండ చితికింది. ఆవిడ దాన్ని మళ్ళీ బేసిన్‌లో వేసి కలిపేసింది.

"ఆయన... ఆయన గుర్రాల దగ్గరే ఉండేవారు."

"ఎవరు?"

"అదే. ఇప్పుడు నువ్వన్నావే."

"డేరాల్లో వంట చేసిన అబ్దీ?"

"అబ్దీనా? అబ్దీ వండిన నూడిల్స్ తిని కుక్కలు కూడా—"

ఐజిరెక్ ఇక వినలేదు. జుమాదిల్, బెక్‌తెమిర్, కరీమ్, అబ్దీ, ఆఖరికి పెద్ద పెత్తందారు ఒస్మొనాలీ, అందరి పేర్లూ నాయనమ్మ నోట్లో నాణేల్లా గలగలలాడాయి. ఒక్క పేరు దగ్గరే నోరు మూతపడింది. అందరూ "వాడు", ఒక్కరే "ఆయన".

నాయనమ్మ నోట తాతయ్య పేరు ఐజిరెక్ పుట్టి ఎరగదు. ముకాష్ అనే ఆ మూడక్షరాలు ఆవిడ ఆయన బతికుండగానూ అనలేదు, పోయాకా అనలేదు. మామగారి పేరూ, బావగార్ల పేర్లూ అంతే. ఒకాయన "ఎర్రగుర్రమాయన", ఇంకొకాయన "పెద్దింటాయన". మొన్న పింఛన్ దగ్గర గుమాస్తా పోయిన భర్త పేరు అడిగితే, బత్మా వరసలో వెనకున్న ఆవిడ రెక్క పట్టి లాగి, "నువ్వు చెప్పవే" అని ముందుకు తోసింది. ఈ ఊరి కోడళ్ళందరికీ ఇది అలవాటే. కానీ సాతార్ ఈ ఇంటివాడు కాదు, ఈ వంశంవాడూ కాదు. కనుమ అవతలి నుంచి వచ్చిన అనాథ అని అందరూ చెప్పారు. మామ కాదు, బావ కాదు. అలాంటి మగవాడి పేరు ఆడది పలకకూడని వరస ఇంకొక్కటే మిగిలింది.

"నాయనమ్మా," అంది ఐజిరెక్ మెల్లగా. "సాతార్ అను."

"పో అవతలికి."

"ఊరికే, ఒక్కసారి. కరీమ్ అన్నావుగా, అలాగే."

"ఇవి ఎండకు పెట్టాలి, లే. లేవమంటే!"

బత్మా లేవబోయింది. మోకాళ్ళు సహకరించలేదు. ఐజిరెక్ ఆ మోకాళ్ళ మీద రెండు చేతులూ వేసి, "ఆయన నీకేమవుతారు?" అని అడిగింది. అడిగాక భయమేసింది. అడగకుండా ఉంటే బాగుండేదనీ అనిపించింది. అయినా చేతులు తీయలేదు.

బత్మా లేచే ప్రయత్నం మానుకొని మాట్లాడింది. గొంతులో ఏడుపు లేదు. కోపమే ఉంది, అన్నేళ్ళు దాచి పెట్టిన కోపం.

"ఒక్క వేసవి. మా డేరాలోనే నిఖా చదివారు. ముల్లా చెవిటివాడు, రెండుసార్లు చదివాడు. ఒస్మొనాలీ ఎదురుగా కూర్చొని మాంసం తిన్నాడు, ఎముక కూడా వదల్లేదు. ఆఫీసులో రాయించుకోవడం చలికాలం కిందికి దిగాక చూద్దాంలే అనుకున్నాం. అప్పుడే వచ్చేసింది మంచు. గుర్రాలు దాటిస్తూ కనుమలో ఉండిపోయారు. వసంతంలో దొరికారట. నన్ను చూడనివ్వలేదు."

"తర్వాత?"

"తర్వాత ఏముంది? పెళ్ళే కాలేదన్నారు మావాళ్ళు. కాగితం లేదుగా! మీ తాతయ్య తెలిసే చేసుకున్నారు. ఒక్కటే అడిగారు, ఆ పేరు ఈ ఇంట్లో వినపడకూడదని. అడగక్కర్లేదు కదే, పిచ్చి మనిషి. నేనెలాగూ పలకలేను."

ఐజిరెక్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"మరి ఆ రాజధాని మనిషి అడిగినప్పుడు..."

"అడిగాడే! బొమ్మలన్నీ బల్ల మీద పరిచి, ‘ఎవరివమ్మా ఇవి’ అన్నాడు. ఎలా చెప్పను? ఒస్మొనాలీ నా పక్కనే ఉన్నాడు, అంతా తెలిసినవాడు. ‘నువ్వు చెప్పరా’ అన్నట్టు వాడి వైపు తిరిగాను. ఎవరైనా అంతే కదా చేస్తారు? ఆ పట్నం వాడికేం తెలుసు మన సంగతి! ‘ఓహో, వీరేనా’ అన్నాడు. ఒస్మొనాలీ నా మొహం చూశాడు. చూసి, మీసం దువ్వుకున్నాడు. అంతే."

"కాదని అరవలేకపోయావా?"

"కాదంటే మరెవరని అడుగుతారు కదే. గుమ్మంలో మీ తాతయ్య నిలబడి ఉన్నారు."

కాకులు రెండు వచ్చి కురుత్ చాప చివర వాలాయి. మామూలు రోజైతే బత్మా చెప్పు విసిరేది. ఇవాళ వాటి వంక కూడా చూడలేదు.

"ఇప్పుడు నువ్వెళ్ళి ఊరంతా చాటుతావు," అంది. "ముసలిదానికి ఇంకో మొగుడున్నాడట అని రొట్టెల అంగడి కాడ్నించి మొదలుపెడతారు. మీ నాన్న బజార్లో ఎలా తిరుగుతాడు? వాళ్ళ నాన్నంటే వాడికి ప్రాణం. ఈ ఇంటి ఉప్పు తిన్నానే నేను."

తండ్రి సంగతి ఐజిరెక్‌కు తెలుసు. తాతయ్య టోపీ ఈనాటికీ గోడ మేకుకే వేలాడదీసి, దుమ్ము దులుపుతుంటాడు. ఈ మాట ఆయన చెవిన పడితే ఏమవుతుందో ఊహించలేకపోయింది. అయినా ఒళ్ళోంచి జారిన బొమ్మను తీసి మళ్ళీ నాయనమ్మ చేతిలో పెట్టింది.

"ఆయనకు సమాధి ఉందా?"

"కొండవాలున ఎక్కడో కప్పెట్టారట. రాయి కూడా లేదు."

"అయితే ఈ చెక్కలే ఆయన. ఇంకేం మిగల్లేదు. రంగు డబ్బా కోసం ఆయన వెంటపడినవాడి పేరు రేపు వీటి మీద కొడతారు. నువ్వు చూపించావనే కొడతారు నాయనమ్మా. రుజువేమిటని నేనడిగితే నీ చెయ్యే చూపిస్తున్నారు."

అనేశాక ఐజిరెక్ పళ్ళ కింద పెదవి నొక్కుకుంది. మరీ గట్టిగా తగిలేలా అన్నానని తెలుసు. బత్మా బేసిన్‌లో మిగిలిన పెరుగంతా ఉండలు చుట్టింది. అన్నీ సమంగా, అన్నీ చిన్నగా. ఆఖరి ఉండ చాప మీద పెట్టాక అడిగింది.

"రేపు ఎన్నింటికి వెళ్ళాలి?"

"చెబుతావా?"

"పేరు చెప్పను. ఆ పని ఈ జన్మలో కాదు. కానీ వస్తాను."

ఆ రాత్రి నుర్దిన్ బొగ్గు మసితో ఇల్లు చేరాడు. నాయనమ్మా మనవరాలూ ఇద్దరూ మరీ మౌనంగా ఉండటం చూసి, "ఏమిటి, పోట్లాడుకున్నారా?" అన్నాడు. ఐజిరెక్ లేదంది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. రేపు మ్యూజియానికి నాయనమ్మను తీసుకెళ్తున్నాననీ చెప్పలేదు.

ప్రదర్శనకు ముందురోజు ఊరి పెద్దలను పిలిచి టీ ఇవ్వడం జరీపాకు ఆనవాయితీ. శుక్రవారం సాయంత్రానికి మ్యూజియం కొత్త హాలు నిండింది. ముసలమ్మలు గోడ వెంట బల్లల మీద కూర్చొని, రొట్టె తుంచుకుంటూ, బొమ్మల్లో ఎవరి డేరా ఎక్కడుండేదో వాదించుకుంటున్నారు. ఇత్తడి పలక బల్ల మీద తళతళలాడుతోంది. పక్కనే మేకులు, సుత్తి. తెల్ల తలగుడ్డ కట్టుకొని బత్మా లోపలికి రాగానే రిస్బెక్ ఎదురొచ్చి రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. మర్యాదలో వాడికి వంక పెట్టడానికి లేదు.

"రండి అవ్వా. గీసింది మా తాతయ్య కాదని మీరంటున్నారట, మీ మనవరాలు చెప్పింది. ఆ రోజు చూపించింది మీరే కదా మరి?"

"ఒస్మొనాలీ కాదు," అంది బత్మా. హాలంతా వినపడేలా, తడుముకోకుండా అంది.

జరీపా కలం తీసింది.

"సరే అవ్వా, కాదు," అన్నాడు రిస్బెక్, ఇంకా నవ్వుతూనే. "అయితే ఎవరో చెప్పండి. పేరు చాలు. చెప్పారంటే ఈ పలక ఇప్పుడే నేనే పట్టుకుపోతాను."

బత్మా తల దించుకుంది. తలగుడ్డ అంచు మెల్లగా లాగి నోటికి అడ్డం పెట్టుకుంది. మొన్న మొన్న అత్తవారింటికి వచ్చిన కోడలు నిలబడినట్టు నిలబడిపోయింది.

"చూశారా?" అన్నాడు రిస్బెక్ హాలు వైపు తిరిగి. "పాపం, పెద్దవయసు. గుర్తు లేదు."

వాడితో పాటు ఎవరూ నవ్వలేదు. గోడ వెంట ముసలమ్మల చేతుల్లో టీ గిన్నెలు పెదవుల దాకా వచ్చి ఆగిపోయాయి. ఒకావిడ పక్కావిడ మోచేయి గట్టిగా పట్టుకుంది. "అయ్యో బత్మా," అన్నారెవరో లోగొంతుకతో. జరీపా ఒక్క క్షణం బత్మా మొహం చూసి, కలం కింద పెట్టేసింది. ఈ ఊరి కోడలే కదా ఆవిడ కూడా. రిస్బెక్ మొహంలో నవ్వు మిగిలిపోయింది కానీ, అదెందుకుందో వాడికే తెలియలేదు.

బత్మా తల ఎత్తకుండానే పక్కకు తిరిగింది. చెయ్యి చాచి ఐజిరెక్ రెక్క పట్టుకుంది. ఈసారి పక్కనున్నది ఒస్మొనాలీ కాదు.

ఐజిరెక్ నోరు తెరిచింది. ఆ పేరు నాలుక చివరే ఉంది. అప్పుడు కనిపించాడు గుమ్మంలో తండ్రి. ఎప్పుడొచ్చాడో, ఎవరు చెబితే వచ్చాడో! బొగ్గు మసి కోటు విప్పకుండా, ఎవరికీ అడ్డం రాకుండా నిలబడి తల్లినే చూస్తున్నాడు. నెల రోజులుగా ఎవరికీ తల వంచని ఐజిరెక్ తెరిచిన నోరు మూసేసింది. బత్మా వేళ్ళు ఆమె రెక్క మీద మరింత బిగుసుకున్నాయి.

"సాతార్."

ఆ మాట ఐజిరెక్ అనలేదు. గుమ్మంలోంచి నుర్దిన్ అన్నాడు.

"గుర్రాలు కాసిన సాతార్. రాసుకోండి జరీపా అక్కా. నేను సాక్షిని."

అందరి తలలూ అటు తిరిగాయి. నాయనమ్మ నోరు ఏ పేరు దగ్గర మూతపడిందో ఆ పెరట్లో ఉన్న ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదనే ఐజిరెక్ అనుకుంది. బత్మా తలగుడ్డ అంచు వదిలేసింది. తెల్లబోయి కొడుకును చూసింది.

"నీకెవరు చెప్పార్రా?"

"నాన్న," అన్నాడు నుర్దిన్. లోపలికి వచ్చి, చంకలోంచి కంబళిముక్క చుట్టిన చదునైన మూటను తీసి తల్లి ముందు బల్ల మీద పెట్టాడు. "పోయే ముందు పిలిచి చెప్పాడు. ఇది నీకివ్వమన్నాడు కూడా. ఇన్నేళ్ళూ ఇవ్వలేకపోయినవాణ్ణి నేనే అమ్మా," అంటూ ఆయన ముడి విప్పసాగాడు.